ఆకాశమున రెండు గొంతులు

విశాఖపట్నము నుండి అండమాన్ దీవులకు సముద్రముపై దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు మూడు రోజులు పట్టు ఈ ప్రయాణము విమానములో రెండు గంటలకు అటు ఇటుగా ముగియును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. పెండ్లికనియు, పండుగకనియు, వైద్యమునకనియు వారు ఈ సముద్రమును దాటుచునే ఉందురు. కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికునికి క్రింద నీలము, పైన నీలము తప్ప వేరొకటి కనిపించదు. ఇంత విశాలమైన ఆకాశములో రెండు విమానములు ఒకదానికొకటి ఎదురుపడుట ఎట్లు సంభవించునని అతనికి తోచుట సహజము.

నిజమునకు ఆ ఆకాశము నిర్జనము కాదు. ఐరోపా నుండి, గల్ఫ్ దేశముల నుండి, ఉత్తర భారతము నుండి సింగపూర్, కౌలాలంపూర్, ఫుకెట్ మొదలగు నగరములకు పోవు విమానములలో అనేకము అండమాన్ పరిసరముల మీదుగానే పోవును. నేలపై రహదారులున్నట్లే ఆకాశములోను మార్గములు నిర్ణయింపబడి యున్నవి. విమానములు తమ ఇష్టము వచ్చినట్లు తిరుగక ఆ గీతల వెంబడియే నడచును. గీతలు కలిసికొను చోట్లు ఆకాశపు కూడలులు. కనుక ఆకాశము ఎంత విశాలమైనదైనను విమానము నడచు దారి ఇరుకైనదే.

దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురమని పేరు మార్చబడినది. అక్కడి విమానాశ్రయములో పౌరవిమానములు, నౌకాదళ స్థావరమైన ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోశ్‌కు చెందిన విమానములు ఒకే రన్‌వేను పంచుకొనును. దీవినుండి దీవికి పోవు హెలికాప్టర్లును అక్కడినుండియే ఎగురును. రన్‌వేకు ఒకవైపున కొండ అడ్డుగా నున్నందున పెద్ద విమానములు సాధారణముగా ఏ దిక్కునుండి వచ్చి దిగునో ఆ దిక్కునకే తిరిగి ఎగురవలసి యుండును. వచ్చు దారి, పోవు దారి ఒకే వైపున ఉన్నపుడు రెండింటిని వేరుచేయునవి ఎత్తు, సమయము మాత్రమే.

సాధారణముగా ఈ వేరుచేయు పని నేలపై కూర్చున్న కంట్రోలర్‌ది. సముద్రముపై ఆ పని మరింత కష్టము. రాడార్ కిరణము తిన్నగా పోవునే గాని భూమి వంపును అనుసరించి వంగదు. అందుచేత 35,000 అడుగుల ఎత్తున ఎగురు విమానము సైతము తీరమునకు సుమారు 400 కిలోమీటర్లు దాటిన పిదప రాడార్ కంటికి ఆనదు. పూర్వము అంతకు ఆవల పైలట్ రేడియోలో తన స్థానమును, ఎత్తును, తరువాతి బిందువును చేరు సమయమును తెలుపగా, కంట్రోలర్ దానిని కాగితముపై వ్రాసికొని లెక్క చూచుకొనెడివాడు. తరువాతి కాలములో ఉపగ్రహముల ద్వారా స్థానమును తెలుపు పద్ధతియు, మాటకు బదులు లిఖిత సందేశములను పంపు పద్ధతియు వచ్చినవి. పోర్ట్‌బ్లెయిర్‌లో నెలకొల్పిన ఒక గ్రాహక కేంద్రము విమానములు తమంతట తాము ప్రసారము చేయు స్థానమును, ఎత్తును అందుకొని చూపుచున్నది. సముద్రముపై చీకటి కొంత తొలగినది.

ఐనను సందు పూర్తిగా పూడలేదు. బంగాళాఖాతముపైని గగనతలములో పెద్దభాగము చెన్నై, కోల్‌కతా కేంద్రముల బాధ్యతలో ఉన్నది. తూర్పున, దక్షిణమున అది మయన్మార్, మలేషియా, ఇండోనేషియా కేంద్రముల పరిధులను తాకును. ఒక కేంద్రము విమానమును మరొక కేంద్రమునకు అప్పగించునపుడు అది ఏ ఎత్తున వచ్చుచున్నదను సమాచారము సరిగా అందకపోవుట ఈ ప్రాంతపు భద్రతా పరిశీలకులు పలుమార్లు ఎత్తిచూపిన లోపము. ఒక దేశపు కంట్రోలర్ విమానము 37,000 అడుగుల ఎత్తున ఉన్నదని భావించుచుండగా అది వాస్తవముగా 35,000 అడుగుల ఎత్తున ఉండవచ్చును. అదే ఎత్తున మరొక విమానము లేకున్న ఏ హానియు లేదు. ఉన్నచో కంట్రోలర్‌కు ముందు పైలట్‌కే ప్రమాదము తెలియును.

పైలట్‌కైనను కంటితో తెలియునా అన్నది ప్రశ్న. గంటకు 900 కిలోమీటర్ల వేగముతో రెండు విమానములు ఎదురెదురుగా వచ్చునపుడు వాటి నడుమ దూరము సెకనుకు అర కిలోమీటరు చొప్పున తరుగును. పది కిలోమీటర్ల దూరమున ఎదుటి విమానము అద్దముపై దుమ్మురేణువువలె కనిపించును. అది పెద్దదగుటకు, గుర్తింపబడుటకు, పైలట్ నిర్ణయించుకొనుటకు, విమానము మలుగుటకు మిగులునవి 20 సెకనులు. పైగా ఢీకొనబోవు విమానము అద్దముపై కదలక ఒకేచోట నిలిచి యుండును. కదలని వస్తువును మానవనేత్రము సులభముగా పసిగట్టలేదు.

ఈ సత్యమును ప్రపంచము ప్రాణములిచ్చి తెలిసికొన్నది. 1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌పై రెండు ప్రయాణికుల విమానములు ఢీకొని 128 మంది మరణించిరి. ఆ పిదప విమానములోనే ఉండి హెచ్చరించు యంత్రము కొరకు అన్వేషణ ముమ్మరమైనది. బెండిక్స్ సంస్థకు చెందిన డాక్టర్ మోరెల్ ఒక ముఖ్యమైన సూత్రమును ప్రతిపాదించెను. రెండు విమానముల మధ్య ఎంత దూరమున్నదని గాక, ఎంత సమయమున్నదని లెక్కింపవలెనని దాని సారాంశము. మెల్లగా దగ్గరగు విమానము రెండు కిలోమీటర్లలో ఉన్నను భయము లేదు. వేగముగా దూసుకువచ్చునది పది కిలోమీటర్ల దూరమున ఉన్నను భయమే. దూరమును దగ్గరగు వేగముతో భాగించిన మిగులు కాలము తెలియును. ఆ చిన్న భాగహారమే తరువాతి యంత్రములన్నింటికి పునాది.

1981లో అమెరికా ప్రభుత్వము టీకాస్ అని పిలువబడు యంత్రమును అభివృద్ధి చేయుటకు నిశ్చయించినది. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ సమీపమున ఒక జెట్ విమానము, ఒక చిన్న విమానము ఢీకొని ఇండ్లపై కూలగా 82 మంది మరణించిరి. మరుసటి ఏడు చట్టము వచ్చినది. 1993 చివరకు ఆ దేశమున తిరుగు పెద్ద ప్రయాణికుల విమానములన్నింటిలో ఈ యంత్రము అమర్చబడినది.

యంత్రము పలుకు తీరు

ప్రతి పెద్ద విమానములోను ట్రాన్స్‌పాండర్ అను చిన్న రేడియో ఉండును. ఎవరైనను ప్రశ్నించినచో అది తన గుర్తును, ఎత్తును చెప్పును. టీకాస్ తన చుట్టునున్న విమానముల ట్రాన్స్‌పాండర్లను ఎడతెగక ప్రశ్నించుచుండును. జవాబు వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును, జవాబులోని అంకెనుబట్టి ఎత్తును గ్రహించును. ఆ రెండును సెకను సెకనుకు ఎట్లు మారుచున్నవో చూచి, ఎన్ని సెకనులలో రెండు విమానములు అతి సమీపమునకు వచ్చునో లెక్కగట్టును. ఇందులో నేలపైనున్న కేంద్రముతో గాని, రాడార్‌తో గాని దానికి పనిలేదు. నడిసముద్రముపై దాని విలువ అందువలననే అధికము.

హెచ్చరికలు రెండు మెట్లుగా వచ్చును. ఎత్తైన ఆకాశములో సుమారు 48 సెకనుల ముందు ‘ట్రాఫిక్, ట్రాఫిక్’ అని యంత్రము పలుకును. ఇది సూచన మాత్రమే. అపుడు పైలట్లు ఎదుటి విమానము కొరకు కండ్లతో వెదకవలెను, చేతులను సిద్ధపరచుకొనవలెను, అంతేగాని ఆ ఒక్క మాటనుబట్టి విమానమును త్రిప్పరాదు. ప్రమాదము తొలగక 35 సెకనులకు చేరినచో ఆజ్ఞ వచ్చును. ‘క్లైమ్, క్లైమ్’ అనిన ఎక్కవలెను. ‘డిసెండ్, డిసెండ్’ అనిన దిగవలెను. ఎక్కుటగాని దిగుటగాని ఆపి సమముగా నిలువుమని చెప్పు ఆజ్ఞయు కలదు. ఎంత వేగముతో ఎక్కవలెనో, దిగవలెనో ఎదుటి పలకపై ఆకుపచ్చ రంగుతో చూపబడును. ఎర్రరంగున్న భాగములోనికి సూచిక పోరాదు.

ఆజ్ఞ వచ్చిన 5 సెకనులలో పైలట్ స్పందించునని యంత్రము భావించి లెక్కవేయును. సాధారణముగా పైలట్ ఆటోపైలట్‌ను విడదీసి, స్వహస్తములతో విమానమును మలచును. కొన్ని కొత్త విమానములలో ఆటోపైలటే ఆజ్ఞను పాటించును. పిదప ‘టీకాస్ ఆర్.ఏ.’ అను మాటతో కంట్రోలర్‌కు తెలుపవలెను. ఆ మాట విన్న తరువాత కంట్రోలర్ ఆ విమానపు ఎత్తును మార్చు ఆదేశమేదియు ఇయ్యరాదు. ‘క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ అని యంత్రము పలికిన పిమ్మటనే విమానము తన పూర్వపు ఎత్తునకు చేరి, తిరిగి కంట్రోలర్ అధీనములోనికి వచ్చును.

ఈ యంత్రము కుడి ఎడమలకు త్రిప్పుమని ఎన్నడును చెప్పదు. ఎదుటి విమానము ఏ దిక్కున ఉన్నదో దానికి స్థూలముగానే తెలియును గాని, ఎత్తు మాత్రము కచ్చితముగా తెలియును. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. రెండు విమానములలోను టీకాస్ ఉన్నపుడు ఆ రెండు యంత్రములు ముందుగా తమలో తాము మాటలాడుకొనును. ఒకటి పైకి పోవ నిశ్చయించినచో రెండవది క్రిందికి పోవుటకు ఒప్పుకొనును. ఆ ఒప్పందము కుదిరిన పిదపనే ఆజ్ఞలు వెలువడును. కనుక ఒక పైలట్ చెవిని పడిన ‘క్లైమ్’ అను మాట ఒంటరి మాట కాదు. అదే క్షణమున వేరొక విమానములో మరొక పైలట్ ‘డిసెండ్’ అను మాటను వినుచున్నాడు.

రెండు గొంతులు విరుద్ధమైనపుడు

భారతదేశమునకు ఈ యంత్రపు అవసరమును తెలిపినది 1996 నవంబరు 12 సాయంకాలము. ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ అరేబియా బోయింగ్ 747 విమానము 14,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఢిల్లీలో దిగుటకు వచ్చుచున్న కజక్‌స్తాన్ ఇల్యూషిన్ విమానమునకు 15,000 అడుగులవరకు దిగుటకు అనుమతి లభించినది. అది ఆ ఎత్తున ఆగక మరింత దిగినది. హర్యానాలోని చర్ఖీ దాద్రి వద్ద రెండును ఢీకొనినవి. 349 మందిలో ఒక్కరును మిగులలేదు. నడియాకాశమున జరిగిన ప్రమాదములలో ఇంతమందిని బలిగొన్నది మరొకటి లేదు.

నాడు ఢిల్లీలో వచ్చు విమానములకు, పోవు విమానములకు ఒకే ఆకాశమార్గము వాడుకలో ఉండెను. అక్కడి రాడార్ విమానము ఎక్కడ ఉన్నదో చూపెడిదే గాని ఎంత ఎత్తున ఉన్నదో చూపెడిది కాదు. రెండు విమానములలోను టీకాస్ లేదు. న్యాయమూర్తి లహోటీ నాయకత్వమున విచారణ జరిగినది. కజక్ విమానము అనుమతింపబడిన ఎత్తుకంటె క్రిందికి దిగుటయే ప్రమాదకారణమని తేలినది. ఆ పిదప రాకపోకల మార్గములు వేరు చేయబడినవి. మన దేశపు ఆకాశములో ఎగురు పెద్ద ప్రయాణికుల విమానములకు ఢీకొనకుండ కాపాడు యంత్రము తప్పనిసరి ఐనది.

యంత్రము వచ్చినంత మాత్రమున కథ ముగియలేదు. నేలపైని మనిషి ఒకటి చెప్పి, విమానములోని యంత్రము మరొకటి చెప్పినచో ఎవరి మాట వినవలెను? ఈ ప్రశ్నకు ప్రపంచమంతటా ఒకే సమాధానము లేని కాలమున రెండు సంఘటనలు జరిగినవి.

మొదటిది 2001 జనవరి 31న జపాన్‌లో. టోక్యో నుండి ఎక్కుచున్న బోయింగ్ 747 విమానమొకటి, దక్షిణ కొరియానుండి వచ్చుచున్న డి.సి.-10 విమానమొకటి సమీపించినవి. శిక్షణలోనున్న కంట్రోలర్ రెండవ విమానమును దిగుమనబోయి, పొరపాటున మొదటి విమానపు సంఖ్యను పలికెను. బోయింగ్ పైలట్ దిగసాగెను. అంతలో అతని టీకాస్ ఎక్కుమన్నది. అతడు కంట్రోలర్ మాటనే పట్టుకొని దిగుచునే ఉండెను. డి.సి.-10 తన యంత్రపు ఆజ్ఞననుసరించి అదియు దిగుచున్నది. రెండింటిలోను కలిపి 677 మంది ఉండిరి. చివరి క్షణమున ఎదుటి విమానమును కంటితో చూచి పైలట్ ఒక్కసారిగా విమానమును వంచుటచే ఢీకొనుట తప్పినది. ఆ కుదుపునకు 100 మంది గాయపడిరి. జరిగినదానిని జపాన్ అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ దృష్టికి తెచ్చినది. కాని ప్రపంచ నియమము వెంటనే మారలేదు.

పదిహేడు నెలలు గడచినవి. 2002 జూలై 1 రాత్రి జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దున ఉబెర్లింగెన్ పట్టణముపై రెండు విమానములు 36,000 అడుగుల ఎత్తున అడ్డముగా కలిసికొనబోవుచున్నవి. ఒకటి సరకు మోయు బోయింగ్ 757. రెండవది మాస్కో నుండి బార్సిలోనా పోవు రష్యన్ టుపొలెవ్. అందులో అధికులు సెలవులకు పోవుచున్న పాఠశాల పిల్లలు. జూరిచ్ కేంద్రములో ఆ రాత్రి ఒక్క కంట్రోలరే రెండు బల్లల పనిని చూచుచున్నాడు. మరమ్మతుల వలన టెలిఫోను పనిచేయలేదు. కేంద్రములోని హెచ్చరిక వ్యవస్థయు పూర్తిగా పనిచేయుట లేదు. అతడు ప్రమాదమును ఆలస్యముగా గుర్తించి టుపొలెవ్‌ను దిగుమనెను. ఆ వెంటనే టుపొలెవ్‌లోని యంత్రము ఎక్కుమన్నది. బోయింగ్‌లోని యంత్రము దిగుమన్నది.

బోయింగ్ పైలట్లు యంత్రము మాట విని దిగిరి. టుపొలెవ్‌లో సందేహము పుట్టినది. యంత్రము ఎక్కుమనుచున్నదని సహపైలట్ గుర్తుచేసినట్లు ధ్వనిముద్రికలో నమోదైనది. కాని కంట్రోలర్ తొందరపెట్టుచు మరల దిగుమనెను. ఎదుటి విమానము ఎడమవైపు ఉండగా కుడివైపున ఉన్నదని కూడ చెప్పెను. వారు దిగిరి. రెండు విమానములును ఒకే ఎత్తునకు దిగి ఢీకొనినవి. 71 మంది మరణించిరి. బోయింగ్ దిగుచున్నదని కంట్రోలర్‌కు తెలియదు. తన మాట యంత్రపు మాటకు విరుద్ధమగుచున్నదనియు తెలియదు. రెండు యంత్రములు కుదుర్చుకొన్న ఒప్పందము సరియైనదే. ఒక పక్షము దానిని పాటించి, మరొక పక్షము పాటింపకపోవుట వలన ఆ ఒప్పందమే మృత్యుమార్గమైనది.

ఈ ప్రమాదము తరువాత 2003లో అంతర్జాతీయ నియమము స్పష్టముగా సవరింపబడినది. టీకాస్ ఆజ్ఞ ఇచ్చినపుడు, కంట్రోలర్ మాట దానికి విరుద్ధమైనను, పైలట్ యంత్రము మాటనే వెంటనే పాటింపవలెను. ఆజ్ఞకు విరుద్ధమైన దిక్కున ఎన్నడును పోరాదు.

మనిషి కంటె యంత్రమునకు పెద్దపీట ఎందుకు?

దశాబ్దముల అనుభవము గల పైలట్, శిక్షణ పొందిన కంట్రోలర్ ఉండగా ఒక పెట్టె మాటకు తలవంచవలెనా అని అడుగువారు లేకపోలేదు. ఆ ప్రశ్న తీసివేయదగినది కాదు. యంత్రము తెలివి గలది కాదు. దానికి మబ్బు తెలియదు, దారి తెలియదు, పైలట్ మనస్సులోని ఉద్దేశము తెలియదు. దానికి తెలిసినది ఒక్కటే: ఈ క్షణమున ఎదుటి విమానము ఎంత ఎత్తున, ఎంత వేగముతో వచ్చుచున్నది. కాని ఆ చివరి అర నిముషములో తెలియవలసినదియు అదొక్కటే. కంట్రోలర్ తెరపై చిత్రము కొన్ని సెకనులు పాతదై యుండును. అతడు చూచి, ఆలోచించి, పలికి, పైలట్ విని, తిరిగి పలుకుటకు మరికొన్ని సెకనులు పోవును. ప్రతి సెకనునకు అర కిలోమీటరు తరుగు చోట ఈ ఆలస్యము చాల ఖరీదైనది.

అంతకంటె బలమైన కారణము మరొకటి. యంత్రపు ఆజ్ఞ జంటగా పుట్టును. తన ఆజ్ఞను పాటింపని పైలట్ తన ప్రాణమును మాత్రమే పణముగా ఒడ్డుట లేదు. తనను నమ్మి తన పాలి ఆజ్ఞను పాటించుచున్న ముక్కుమొగము తెలియని పైలట్ ప్రాణమును, అతని వెనుకనున్న ప్రయాణికుల ప్రాణములను కూడ ఒడ్డుచున్నాడు. ఇరుకు వంతెనపై ఎదురుపడిన ఇద్దరిలో ఒకరు వంతెనకు ఒక ప్రక్కకు, మరొకరు రెండవ ప్రక్కకు తప్పుకొందమని ఒప్పుకొని, తీరా ఒకరు మాట తప్పినచో జరుగునది అదే.

ఐనను ఈ విధేయత గ్రుడ్డిది కాదు. నేల సమీపించినదనియో, విమానము పట్టు తప్పుచున్నదనియో వేరొక యంత్రము హెచ్చరించినచో దానికే మొదటి స్థానము. నేలకు సుమారు 1,000 అడుగులలోపున టీకాస్ ఎట్టి ఆజ్ఞయు ఇయ్యదు. ట్రాన్స్‌పాండర్ పలుకని విమానము దానికి కనిపించనే కనిపించదు. 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లోని అమెజాన్ అడవులపై ఒక చిన్న జెట్ విమానపు ట్రాన్స్‌పాండర్ మూగబోయి యుండగా అది ప్రయాణికుల బోయింగ్‌ను తాకినది. రెండింటిలోను టీకాస్ ఉన్నను ఒక్కటియు పలుకలేదు. 154 మంది మరణించిరి. ప్రశ్నకు జవాబిచ్చువారు లేనపుడు యంత్రమేమి చేయగలదు?

యంత్రము పలికి, పైలట్లు విన్న సందర్భములు ఇంత ప్రసిద్ధికెక్కవు. 2018 జూలై 10న కోయంబత్తూరు నుండి హైదరాబాదునకు పోవు విమానము, బెంగుళూరు నుండి కొచ్చికి పోవు విమానము బెంగుళూరు సమీపమున ఆకాశములో చేరువైనవి. రెండింటిలోను కలిపి 328 మంది ప్రయాణికులు. నిట్టనిలువు దూరము 200 అడుగులకు తగ్గినది. టీకాస్ ఆజ్ఞాపించినది, ఇరుపక్షముల పైలట్లును పాటించిరి. విమానములు తమ తమ గమ్యములకు చేరినవి. పత్రికలలో ఒకటి రెండు రోజులు వార్త వచ్చి ఆగిపోయినది. హైదరాబాదులో దిగినవారు సామాను తీసికొని ఇండ్లకు పోయిరి.

అండమాన్‌కు ఇందలి పాఠము

పోర్ట్‌బ్లెయిర్ వంటి చోట, ఎక్కు విమానము దిగు విమానమునకు క్రిందగా పోవలసిన సందర్భములలో మరొక చిక్కు కలదు. ఎక్కు విమానము 1,000 అడుగుల దిగువన ఆగునని పైలట్‌కు తెలియును, కంట్రోలర్‌కు తెలియును. యంత్రమునకు తెలియదు. విమానము మిక్కిలి వేగముగా ఎక్కుచున్నచో అది ఆగదని భావించి యంత్రము ఆజ్ఞ ఇచ్చును. ఆ ఆజ్ఞను పాటింపక తప్పదు. పాటించుటలో మూడవ విమానమునకు ఇబ్బంది కలుగవచ్చును. అందుచేత నిర్ణీతమైన ఎత్తునకు చివరి 1,000 అడుగులు మిగిలినపుడు నిముషమునకు 1,500 అడుగులకు మించకుండ వేగమును తగ్గించుకొనుట మంచి అలవాటని పైలట్లకు బోధింతురు. ఆజ్ఞను పాటించుట ఒక విద్య. ఆజ్ఞ రాకుండ నడపుట అంతకంటె పెద్ద విద్య.

నడిసముద్రముపైని మార్గములలో చిక్కు వేరు విధమైనది. 2003 నవంబరు నుండి మన ఆకాశములో 29,000 అడుగులకు పైని ఎత్తులలో విమానముల నడుమ నిట్టనిలువు దూరము 2,000 అడుగుల నుండి 1,000 అడుగులకు తగ్గింపబడినది. మార్గములో ఎక్కువ విమానములకు చోటు దొరికినది. ఇంధనము ఆదా ఐనది. మరొకవైపు ఉపగ్రహముల సాయముతో నడచు విమానములు గీతను తప్పక, ఇంచుమించు నడిమధ్యనే పోవును. పూర్వము విమానములు గీతకు అటు ఇటు కొంత తొలగి పోవుటచే, ఎత్తులో పొరపాటు జరిగినను ప్రక్కలనుండి తప్పిపోవు అవకాశముండెను. ఇపుడు కచ్చితత్వమే ఆ అవకాశమును హరించినది. అందుకే సముద్రముపై అనుమతి ఉన్న మార్గములలో పైలట్లు కావలెననియే గీతకు కుడివైపుగా ఒకటి రెండు నాటికల్ మైళ్లు తొలగి నడచుదురు. ఎడ్లబండి నడుపువాడు ఎదురుబండి కనిపించకపోయినను దారికి ఒక ప్రక్కగా తోలుకొనిపోవు వివేకము వంటిదే ఇదియును.

ఇట్లు చూచినచో రక్షణ ఒక్క గోడ కాదు. నిర్ణయింపబడిన మార్గము మొదటి గోడ. కంట్రోలర్ రెండవది. ఒకరి మాటను మరొకరు తిరిగి పలికి సరిచూచుకొను అలవాటు మూడవది. ఇవి యన్నియు విఫలమైనపుడు నిలుచునది టీకాస్. దానిని నమ్ముకొని ముందటి గోడలను నిర్లక్ష్యము చేయుట ఎంత తప్పో, అది పలికినపుడు సందేహించుటయు అంత తప్పు. ప్రతి ఆజ్ఞను, దానికి దారితీసిన పరిస్థితిని పైలట్ వ్రాతపూర్వకముగా తెలుపవలెనను నియమము అందుకే ఏర్పడినది. ఏ గోడ ఎక్కడ బీటవారినదో ఆ వ్రాతలనుండియే తెలియును. జపాన్ చెప్పిన మాటను ప్రపంచము సకాలమున చెవిని పెట్టి యుండినచో ఉబెర్లింగెన్‌పై ఎగిరిన పిల్లలు బార్సిలోనా చేరియుండెడివారేమో.

ఇందులో ప్రయాణికుని పాలు కూడ కొంత కలదు. ఆజ్ఞ పాటింపబడునపుడు విమానము కొంచెముగా లేచినట్లో, జారినట్లో తోచును. పైలట్ నేర్పుతో నడపిన ఆ కదలిక సాధారణముగా మృదువైనదే. కాని 2001లో జపాన్‌లో వలె చివరి క్షణమున విమానమును బలముగా వంచవలసి వచ్చినచో, నడవలో నిలిచియున్నవారు, బెల్టు కట్టుకొననివారు పైకప్పునకు ఎగిరి కొట్టుకొందురు. సీటులో కూర్చున్నంతసేపు, దీపము ఆరియున్నను, బెల్టును వదులుగానైన కట్టుకొని ఉండుడని విమానములో పదే పదే చెప్పు మాట కేవలము మర్యాద కొరకు చెప్పునది కాదు. అండమాన్ వెళ్లు విమానములో కిటికీ నుండి సముద్రమును చూచుచున్నవాడు చేయవలసినది ఆ ఒక్క పనియే. తక్కిన పనిని ఎదురుగా వచ్చు విమానములోని అపరిచితుడును, ఈ విమానములోని పైలట్టును ఒకరి మాటపై మరొకరు నిలిచి చేయుదురు.